బేతాళ కథలు: ప్రశ్నించు ప్రేతము, మౌనము నిలుపుకొనలేని రాజు

అపరాధ పరిశోధక కథకును దయ్యపు కథకును పుట్టుకతోడి వైరము కలదని పాశ్చాత్య విమర్శకులు చాలకాలము విశ్వసించిరి. ఇంగ్లండునందు రొనాల్డు నాక్సు అను రచయిత 1929లో పరిశోధక కథలకు పది నియమములను విధించెను. వానిలో రెండవది, మానవాతీత శక్తుల ప్రమేయము కథలో ఏమాత్రమును ఉండరాదనునది. ఈయన వృత్తిచే కేథలిక్కు మతాచార్యుడు. అలౌకికమును నిత్యము ఉపాసించు వ్యక్తియే దానిని కథాద్వారమున నిలిపివేయుట కొంత వినోదముగ తోచును గాని, ఆయన తర్కమున దోషము లేదు. తలుపులన్నియు లోపలినుండి గడియవేసిన గదిలో ఒకడు హతుడై పడియుండగా, హంతకుడు గోడను చొచ్చివచ్చిన ప్రేతమని తుదిపుటలో చెప్పినచో, అంతవరకు గడియలను, కిటికీలను, కొవ్వొత్తి కాలిన కొలతను లెక్కించుచు కూర్చున్న పాఠకుడు మోసపోయినవాడగును. కోనన్ డాయిలు మృతాత్మలతో సంభాషణము సాధ్యమని గాఢముగ నమ్మినవాడు. 1926లో ఆ విశ్వాసమునకు ఒక చరిత్రనే వ్రాసెను. అయినను షెర్లాకు హోమ్సు కథలలో ఒక్క దయ్యమునైనను నిజమైన దయ్యముగ నిలువనీయలేదు. బాస్కర్విల్లు వంశమును వెన్నాడిన పిశాచశునకము కూడ చివరకు భాస్వరము పూసిన వట్టి వేటకుక్కయే అయినది.

ఆ గోడ ఇటీవల కూలినది. నేడు అమెరికాలో దయ్యములును, మంత్రగత్తెలును, మాటలాడు పిల్లులును హత్యారహస్యముల శోధనలో పాల్గొను నవలామాలలు విరివిగ వెలువడుచున్నవి. కోజీ మిస్టరీ యని అచట వ్యవహరించు కథాజాతిలో ఇదియొక శాఖ. చలికాలపు రాత్రి దుప్పటి కప్పుకొని చదువుకొనదగిన హత్యాకథ యని ఆ పేరునకు తాత్పర్యము చెప్పవచ్చును. ఊరు చిన్నది. హత్య తెరవెనుకనే జరుగును. నెత్తురు పాఠకుని కంట పడదు. శోధించునది పోలీసు అధికారి కాక, ఏ మిఠాయి దుకాణమునో పుస్తకముల అంగడినో నడుపుకొను స్త్రీ. 2004లో మొదలైన ఇట్టి ఒక మాలను ఆలిస్ కింబర్లీ అను కలముపేరుతో భార్యాభర్తలిరువురు కలిసి వ్రాసిరి. రోడ్ ఐలండు రాష్ట్రములో క్విండికాటు అను కల్పితమైన ఊరు. అందు పెనెలోపి అను వితంతువు నడుపు పుస్తకముల దుకాణము. ఆ దుకాణములోనే 1949లో హతుడైన జాక్ షెపర్డు అను పరిశోధకుని ప్రేతము. హత్య జరిగినప్పుడెల్ల ఆమె కాళ్ళతో తిరుగును, అతడు ఆమె చెవిలో ఆలోచన చెప్పును.

నాక్సు నియమమును ఈ మాల తృణీకరించినట్లు కనబడును గాని, పరిశీలించినచో నియమముయొక్క ఆత్మకు లోబడియే నడచినది. జాక్ షెపర్డు సర్వజ్ఞుడు కాడు. అతని మాట ఆమెకు తప్ప అన్యులకు వినబడదు. అతని లోకజ్ఞానము 1949తో ఆగిపోయినది. మొదట దుకాణము గడప దాటలేడు. తరువాత అతనిదైన ఒక పాత అయిదు సెంట్ల నాణెమును ఆమె వెంట నుంచుకొన్నపుడు మాత్రమే వెలికి రాగలడు. ప్రేతమునకు ఇన్ని సంకెళ్ళు వేసిన పిమ్మటగాని రచయితలు దానిని శోధనలోనికి దింపలేదు. హంతకుడెవ్వరో ఎరిగిన ప్రేతము కథను చంపును. ఎరుగని ప్రేతము కథకు తోడుపడును. ఈ కథాజాతిలోని మంచిచెడ్డలను నిర్ణయించుటకు ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద కానరాదు. ఈ జాతి నవలలలో నాసిరకమువి అనేకములు కలవు. వానియందు ఆత్మ యొకటి సరిగా పదవ ప్రకరణమున ప్రత్యక్షమై ఆనవాలు చూపి పోవును. అవి చదివిన రాత్రియే మరపునకు వచ్చును.

దయ్యము, చిక్కుముడి, నెలనెల తిరిగివచ్చు పరిచిత పాత్రలు, భయమున్నను బెదురు పుట్టింపని ధోరణి: ఈ నాలుగును కలిసిన కథామాలిక తెలుగు పాఠకులకు కొత్తది కాదు. అమెరికా మాలకు దాదాపు అర్ధశతాబ్దము ముందే, 1950ల నడుమ, మద్రాసునుండి వెలువడు చందమామలో బేతాళ కథలు ఆరంభమైనవి. భుజమున శవమును మోయుచు ఖడ్గపాణియై నడచు రాజును చూడని తెలుగు ఇల్లు ఒక తరమువరకు అరుదు. ఇంతటి ప్రచారము పొందిన రచనను సాహిత్యచరిత్రకారులు బాలవాఙ్మయమను గదిలోనికి నెట్టి తలుపు మూసిరి. కథాశిల్పముగ దానిని పరీక్షించినవారు స్వల్పము. ఈ ఉపేక్ష న్యాయము కాదు.

మూలమునుండి చూడవలయును. బేతాళ పంచవింశతి సంస్కృతమున పలు రూపములలో నున్నది. శివదాసుని కూర్పు, జంభలదత్తుని కూర్పు వేరువేరుగ ప్రసిద్ధములు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున క్షేమేంద్రుడు బృహత్కథామంజరిలోను, సోమదేవుడు కథాసరిత్సాగరములోను ఈ కథలను పొదిగిరి. గుణాఢ్యుడు పైశాచీ భాషలో రచించెనని చెప్పు బృహత్కథలో ఇవి ఉండెనా యనుట పండితులకు సందేహాస్పదము. బేతాళుని కథలకు పిశాచభాష జన్మభాషయైనచో ఎంత సొగసుగ నుండెడిది! కాని సొగసు ప్రమాణము కాదు. ఆంగ్లమున 1870లో రిచర్డు బర్టను వీనిలో కొన్నింటిని తన చిత్తము వచ్చినట్లు పెంచి వ్రాసి, బేతాళుని రక్తము పీల్చు పాశ్చాత్య పిశాచముగ పేర్కొనెను. ఆ పేరు ఎంతమాత్రమును తగదు. బేతాళుడు నెత్తురు త్రాగడు, కథ చెప్పును.

సోమదేవుని కూర్పున రాజు ఉజ్జయినివాడు కాడు. అతడు త్రివిక్రమసేనుడు, గోదావరీతీరమున ప్రతిష్ఠానము అతని రాజధాని. నేడు మహారాష్ట్రమున పైఠణమను పేర నున్నది ఆ పట్టణమే. తెలుగునేలను తడుపు నదియొడ్డుననే ఈ కథకు పునాది పడినదన్నమాట. క్షాంతిశీలుడను భిక్షువు పది సంవత్సరములు ప్రతిదినము ఒక పండును తెచ్చి రాజున కిచ్చును. రాజు దానిని కోశాధికారి చేతికి ఇచ్చివేయును. ఒకనాడొక పెంపుడు కోతి ఆ పండును కొరుకగా అందుండి వెలలేని రత్నము రాలిపడును. పదేండ్లుగా తనకు అందుచున్నదేమో పరిశీలింపని రాజు అపుడు మేల్కొనును. కథకు మూలకారణము దయ్యము కాదు, రాజుయొక్క అపరీక్ష. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో తక్కిన కథలు వేరొక వెలుగున కనబడును.

శ్మశానమున శింశుపా వృక్షమునకు వ్రేలాడు శవమును తెచ్చుటకు రాజు పోవును. శవమును ఆవేశించిన బేతాళుడు దారిలో చెప్పు మొదటి కథయే సంకేతముల కథ. వారణాసి రాజకుమారుడు వజ్రముకుటుడు ఒక సరస్సునొద్ద నొక కన్యను చూచును. ఆమె మాటలాడదు. కలువను తీసి చెవిని పెట్టుకొనును, దంతపత్రమును దిద్దుకొనును, పద్మమొకటి తలపై నుంచుకొని, చేయి హృదయముపై నుంచి వెడలిపోవును. రాజకుమారునకు విరహము తప్ప ఏమియు బోధపడలేదు. మంత్రికుమారుడు బుద్ధిశరీరుడు ఆ నాలుగు చేష్టలను విప్పి చెప్పును: ఆమెది కర్ణోత్పలుడను రాజు ఏలు కళింగదేశము, తండ్రి దంతపు పనివాడు, పేరు పద్మావతి, మనస్సు నీయందే లగ్నమైనది. హోమ్సు బూటుకంటిన మట్టిని చూచి మనుజుని వృత్తి చెప్పినపుడు ఇంగ్లీషు పాఠకుడు పొందిన ఆశ్చర్యము ఈ కథ విన్నవారికి ఎన్ని వందల ఏండ్లకు ముందు కలిగినదో గమనింపదగును.

అయితే కథ అచట ఆగదు. పద్మావతి మంత్రికుమారునకు విషము కలిపిన భక్ష్యములు పంపును. అతడు దానిని కనిపెట్టి ప్రతీకారోపాయము పన్నును. ఆమె మత్తులోనుండగా రాజకుమారునిచే ఆభరణములను తీయించి, తొడపై త్రిశూలపు గుర్తు వేయించి, తాను తాపసవేషము ధరించి ఆ నగను అంగడిలో అమ్మజూపించును. ఆ సమయముననే కర్ణోత్పలుని శిశువు మరణించియుండెను. శ్మశానమున డాకినులు ఆ బిడ్డను భక్షింపబూనిరనియు, వారిలో నొకతెను త్రిశూలముతో గాయపరచి ఈ హారమును లాగుకొంటిననియు తాపసుడు చెప్పగా, రాజు గుర్తును చూచి నమ్మి, ఆమెను నగరమునుండి వెడలగొట్టును. స్నేహితులిరువురు ఆమెను తీసికొని స్వదేశమునకు పోవుదురు. దుఃఖముచే ఆమె తల్లిదండ్రులు మరణింతురు. ఆ మరణపాపము ఎవరిది? ఇది బేతాళుని ప్రశ్న.

త్రివిక్రమసేనుని సమాధానము ఆధునికుని నోట వచ్చినను వింతగా తోచదు. మంత్రికుమారుడు స్వామికార్యము చేసెను. ప్రేమికులకు మతి స్వాధీనమున లేదు. దోషి కర్ణోత్పలుడు. చారులను పంపి విచారింపక, ఎదుటనున్న గుర్తునే ప్రమాణముగ గొని దండించినవాడు అతడు. హారమున్నది, త్రిశూలపు మచ్చ ఉన్నది, సాక్షి యున్నాడు. సాక్ష్యమంతయు పొందుగ నమరినది, అంతయు కల్పితమే. దయ్యము చెప్పు కథలో డాకిని యొక కట్టుకథ, దానిని నమ్మిన రాజు అపరాధి. నాక్సు నిషేధించిన మానవాతీతమును ఇంతకంటె బలముగ త్రోసిపుచ్చిన పరిశోధక కథ పాశ్చాత్యమునందైనను దొరకుట కష్టము. పదేండ్లు పండ్లను పరీక్షింపక కోశమునకు పంపిన రాజే ఈ తీర్పు చెప్పుచున్నాడు. సోమదేవుడు ఈ వైచిత్రిని ఎత్తి చూపలేదు. చూపకపోవుటయే మంచిది.

ఈ సామగ్రి చందమామకు చేరునాటికి రెండు మార్పులు తప్పనిసరియైనవి. ఒకటి స్పష్టమే. మూలకథలలోని కామకలాపములు బాలుర పత్రికకు ఒప్పవు. వానిని తగ్గించిరి, మార్చిరి. రెండవది సంఖ్యకు సంబంధించినది. ఇరువదియైదు కథలు ఇరువదియైదు నెలలలో ముగియును. పాఠకుని కోరిక ముగియదు. అందుచే కొత్త కథలు పుట్టించిరి. వానిక్రింద కుండలీకరణములలో కల్పితమని ముద్రించెడివారు. ప్రాచీనులపేర తమ రచన చెలామణి చేసికొనుట మన వాఙ్మయమున అరుదు కాదు గనుక, ఆ ఒక్క మాటలోని నిజాయితీ మెచ్చదగినది.

కొత్త కథలతో ప్రశ్నయొక్క జాతియే మారినది. ఈ మాలికలోని ప్రధానమైన పరిణామము ఇదియే. దీనిని విమర్శకులు గుర్తించినట్లు లేదు. మూలమునందు బేతాళుడు అడుగునది ధర్మనిర్ణయము: మరణించి బ్రతికిన కన్యకు ముగ్గురు వరులలో భర్త ఎవడు? తలలు మారిన ఇద్దరిలో ఆమె పతి ఎవడు? ఈ తలల కథయే జర్మనుభాషలో థామస్ మన్ను చేతికి, అటనుండి 1971 నాటి గిరీశ్ కార్నాడు కన్నడ నాటకము హయవదనమునకు చేరినది. చందమామ బేతాళుడు అడుగునది సాధారణముగ వేరు. ఒకడు తనకు దక్కిన సంపదను కాదని ఏల వెడలిపోయెను? మేలు చేసినవానిని రాజు దండించి, కీడు తలపెట్టినవానిని ఏల సన్మానించెను? ఇది అవివేకమా, అహంకారమా, మరియొకటియా? మూలమున న్యాయస్థానపు ప్రశ్న, ఇచట మనస్సునకు సంబంధించిన ప్రశ్న. అపరాధ పరిశోధకుడు ఎవరు చేసిరని అడుగును. చందమామ బేతాళుడు ఏల చేసెనని అడుగును. పూర్వపు ప్రశ్నకు స్మృతులు తెలిసినవాడు చాలును. రెండవదానికి మనుష్యులు తెలిసినవాడు కావలయును.

పాఠకుని విషయమున ఈ మాలిక పాటించిన న్యాయమును కూడ చెప్పవలయును. రాజునకు తెలిసినది పాఠకునకును తెలియును; అంతకంటె అధికము రాజునకు తెలియదు. కథ ముగిసినచోట ప్రశ్న నిలుచును. సమాధానపు భాగమును అరచేతితో మూసి, తాను ఆలోచించి, పిమ్మట చేయి తీసి సరిచూచుకొను అవకాశము బాలునకు ప్రతిమాసము లభించెడిది. బేతాళుడు మాయావి, ఎగిరిపోగలవాడు, శవమున దూరగలవాడు. కాని చిక్కుముడిని విప్పుటకు ఆ మాయలు అక్కరకు రావు. అతడు సాక్షి కాడు, అపరాధి కాడు, పరీక్షకుడు మాత్రమే. క్విండికాటు ప్రేతమునకు అమెరికా రచయితలు వేసిన సంకెళ్ళకంటె ఇది గట్టి కట్టడి. రాజునకును కట్టడియే: పలికినచో శ్రమ వ్యర్థము, తెలిసియు పలుకకున్నచో తల పగులును. ఇద్దరును నియమబద్ధులు గనుకనే చిమ్మచీకటిలో శ్మశానమున నడచు ఈ కథ చంటిపిల్లలకు వినిపింపదగినదైనది. భయము పుట్టునది దయ్యమువలన కాదు, నియమము లేకపోవుటవలన.

అన్ని కథలును ఈ ప్రమాణమునకు నిలిచినవని చెప్పరాదు. కొన్నింట రాజు సమాధానము కథలో లేని సంగతిని కొత్తగా తెచ్చి అతికించును. ఫలానావాడు మొదటినుండియు విరక్తుడని అపుడే తెలియవచ్చును. అట్టిచోట చేయి తీసి చూచిన బాలుడు తాను ఓడితినని గాక, మోసపోతినని తలచును. మరికొన్నింట ప్రశ్నయే తేలిక. ప్రతి త్యాగమునకును వివేకమే కారణమని నాలుగు నెలలు చదివినవాడు కనిపెట్టగలడు.

ఈ కథలకు వచనము సమకూర్చుటలో కొడవటిగంటి కుటుంబరావు పాత్ర చాల పెద్దది. 1952నుండి 1980లో మరణించువరకు ఆయన చందమామ సంపాదకత్వ భారమును వహించెను. అభ్యుదయవాది, హేతుదృష్టి గలవాడు మూడు దశాబ్దములకు సమీపించిన కాలము మాంత్రికుల కథలను, దయ్యముల కథలను దిద్దుచు కూర్చుండుట కొందరికి విడ్డూరముగ తోచినది. విడ్డూరమేమియు లేదు. బేతాళ కథలో బేతాళుని నమ్మవలసిన పని లేదు. ప్రశ్నను నమ్మిన చాలును. ఆయన చేతిలో వాక్యము పొట్టిది, సరళమైనది, అలంకారము దాదాపు శూన్యము. దయ్యము వచ్చినపుడును గొంతు పెంచదు. చిత్రకారుడు శంకర్, అనగా 2020లో తొంబదియారవ ఏట దివంగతుడైన కె. సి. శివశంకరన్, గీసిన బొమ్మలో రాజు ముఖమునను ఈ నెమ్మదియే కనబడును. శవము అతని భుజమున నున్నది గాని, బరువు మనస్సున లేదు. వచనమును చిత్రమును ఇంతగా ఏకస్వరమున పలికిన సందర్భములు తెలుగు పత్రికలలో తక్కువ.

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి దృష్టితో చూచినపుడు ఈ మాలికకు మరియొక ప్రాముఖ్యము కలదు. బి. నాగిరెడ్డి, చక్రపాణి చందమామను 1947 జూలైలో తెలుగు, తమిళములలో నొకేసారి ఆరంభించిరి. 1949లో కన్నడము, 1952లో మరాఠీ, 1956లో ఒడియా కూర్పులు వచ్చినవి. హోసూరులో తెలుగు పిల్లవాడు చందమామ చదువుచుండగా పొరుగింటి తమిళ పిల్లవాడు అంబులిమామాలోను, బళ్ళారిలో కన్నడ చందమామలోను, షోలాపురములో చాందోబాలోను, బరంపురములో జహ్నమాములోను అదే రాజును, అదే శవమును, అదే బొమ్మను చూచెను. వీథిలో ఒక భాష, ఇంట ఒక భాషగా పెరుగు బాలునకు ఇంటిభాష కేవలము అమ్మమ్మతో మాటలాడుటకని తోచు ప్రమాదము ఎల్లప్పుడును ఉన్నది. వీథిలోని పిల్లలందరు చెప్పుకొను కథ ఇంటిభాషలోను ఉన్నదని, పైగా ఆ భాషలోనే ముందు వ్రాయబడినదని తెలిసినపుడు ఆ భాష గౌరవము ఒక మెట్టు పెరుగును. యానామువంటి చోట వీథియు ఇల్లును తెలుగే గనుక ఈ చిక్కు అంతగా లేదు.

అక్షరాభ్యాసమునకు ఈ మాలిక చేసిన సాయము దాని శిల్పములోనే ఇమిడియున్నది. ప్రతి కథయు ఒకే విధముగ మొదలగును, ఒకే విధముగ ముగియును. రాజు తిరిగి చెట్టునొద్దకు పోవుట, శవమును దించి భుజమున వేసికొనుట, బేతాళుని పలకరింపు, చివర మౌనభంగము, శవము మరల చెట్టెక్కుట: ఇవి మాసమాసము దాదాపు మారని మాటలలో వచ్చును. పునరుక్తి దోషమని లాక్షణికుడు దీనిని తప్పుపట్టవచ్చును. కాని బడిలో తమిళమో కన్నడమో నేర్చుచు, తెలుగు లిపిని ఇంట కూడబలుకుకొని చదువు బాలునకు మొదటి పేరా కంఠస్థమై యుండును. కన్ను అక్షరమును పట్టుటకు ముందే నోరు మాటను పలుకును. మాట తోడుగ అక్షరము పట్టుబడును. ఆ మెట్టుమీద నిలిచి అతడు ఎరుగని కథలోనికి దిగును. పాఠ్యపుస్తకము దొరకనిచోట పల్లవియే వాచకమైనది. ఒక్క నవల ఎంత గొప్పదైనను ఈ పని చేయజాలదు. తిరిగి తిరిగి వచ్చు మాలిక మాత్రమే చేయగలదు. మాలికలు చదువుట కాలక్షేపమని ఈసడించు పెద్దలు ఈ అంశమును తలపోయవలయును.

ఒక లోపమును మాత్రము దాచరాదు. అందరికి అర్థము కావలయునని చందమామ ఎంచుకొన్న తెలుగు ఏ ప్రాంతమునకు చెందని తెలుగు. అది పిల్లవానిని ఎల్ల తెలుగువారితో కలిపినమాట నిజము. కాని బళ్ళారి యాస గాని, బరంపురపు పలుకుబడి గాని, చెన్నపట్టణపు తెలుగు గాని ఆ పుటలలో ఎన్నడును వినరాలేదు. మద్రాసులో అచ్చయిన కథలో మద్రాసు వీథి లేదు. బేతాళుడు చెప్పునది ఎప్పుడును ఏదో ఒక దేశము, ఏదో ఒక రాజు. సోమదేవుడు కళింగమని, ప్రతిష్ఠానమని పేర్లు చెప్పుటకు వెనుదీయలేదు. ఊరి పేరు కథను చెడగొట్టదు.

అంతకంటె పెద్ద లోపము, లేదా పెద్ద నష్టము, కథాంతమునకు సంబంధించినది. మూలమున ఇరువదినాలుగవ కథ రాజును ఓడించును. శత్రువులు రాజ్యమును ముట్టడింపగా ఒక రాజు భార్యతోను కుమార్తెతోను అడవికి పారిపోయి, దొంగలచే హతుడగును. స్త్రీలిరువురు ఒంటరిగ నడచిపోవుచుందురు. వేటకు వచ్చిన ఒక దొరయు అతని కొడుకును ఇసుకలో రెండుజతల అడుగుజాడలను చూతురు; ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద పాదములు తల్లివి, చిన్నవి కూతురివి కావలయునని ఊహించి, పెద్ద పాదములు గల ఆమెను తండ్రి, చిన్న పాదములు గల ఆమెను కొడుకు పెండ్లాడుటకు మాట ఇచ్చుకొందురు. తీరచూడగా పెద్ద పాదములు కూతురివి. మాట తప్పరాదు గనుక తండ్రికి కూతురు, కొడుకునకు తల్లి భార్యలైరి. వారికి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురు? త్రివిక్రమసేనుడు ఎంత ఆలోచించినను సమాధానము తోచదు. తెలియదు గనుక తల పగులదు. పలుకలేదు గనుక శవము ఎగిరిపోదు. రాజు మౌనముగ నడచును. బేతాళుడు సంతోషించి, భిక్షువు పన్నిన కుట్రను చెప్పి, సాష్టాంగపడుట ఎట్లో ముందు నీవే చూపుమని వానిని అడుగుమనును. వంగిన భిక్షువు శిరస్సును రాజు ఖండించును.

మొదటి కథలో నాలుగు సంకేతములను ఒకడు సరిగా చదివెను. చివరి కథలో రెండు అడుగుజాడలను ఇద్దరు తప్పుగా చదివిరి. పరిశోధక కథకు అడుగుజాడయే ఆదిమమైన ఆనవాలు. దానినుండి చేసిన ఊహ ఎంత సహజమైనను తప్పు కావచ్చునని, ఒకసారి తప్పిన లెక్కను ఏ తీర్పును సరిచేయలేదని ఇరువదినాలుగు కథల పిమ్మట తెలియవచ్చును. అన్నిటికిని సమాధానము చెప్పిన నోరు అపుడు మూతపడును. ఆ మౌనమే రాజును రక్షించును.

నెలనెల వెలువడు పత్రికకు ఈ మౌనము పనికిరాదు. రాజు ఒక్క నెల పలుకకున్నచో మాలిక ముగియును. కావున చందమామ రాజు ప్రతిమాసము సమాధానము చెప్పి తీరవలసినవాడయ్యెను. దశాబ్దములపాటు అతనికి తెలియని ప్రశ్న ఎదురుకాలేదు. మూలమునందు అతని జ్ఞానము అతనికి ప్రతిబంధకము. పత్రికలో అది వృత్తి. చదివిన బాలునకు ప్రతి చిక్కునకును విడుపు కలదను నమ్మకము కలిగినది. అది చిన్నతనమున మేలే. కాని విడుపు లేని చిక్కును చూపి, దానియెదుట పెద్దవాడొకడు నోరు మూసికొని నడచుటను చూపు పుట మాత్రము ఆ సంపుటములలో ఉండవలసినచోట లేదు.

2007లో చందమామ యాజమాన్యము చేతులు మారెను. 2013 నాటికి ప్రచురణ నిలిచిపోయెను. మాలిక తన కథాన్యాయముచే ముగియలేదు, పత్రిక ఆగినందున ఆగినది. శవము భుజముననే యున్నది, భిక్షువు శ్మశానమున ఎదురుచూచుచునే యున్నాడు. ఇకముందు ఈ కథలను ఎవరైనను గ్రంథరూపమున సంపుటీకరింప బూనినచో, కల్పితములలో మేలైనవానిని ఏరి ఎన్నియైనను చేర్చవచ్చును. వాని చివర సోమదేవుని ఇరువదినాలుగవ కథను, భిక్షువు వధను బాలురకు తగిన మాటలలో చేర్చి ముద్రింపవలయును. అడుగుజాడల కథలో దాచవలసినది స్వల్పము. వావివరుసల లెక్కను పిల్లలు పెద్దలకంటె చురుకుగ వేయుదురు.